సీటు దొరికింది సరే, మిగతా ఫీజు ఎవరు కట్టాలి?

మడికొండ: ఇంజనీరింగు సీటు రాగానే తల్లిదండ్రులు కళాశాల పేరు చూస్తున్నారే గాని, ఫీజు లెక్క చూడడం లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ప్రైవేటు కళాశాలలో కన్వీనరు కోటాలో చేరిన అర్హులైన బి.సి. విద్యార్థికి ఎప్‌సెట్ ర్యాంకు పదివేలలోపు ఉంటే ప్రభుత్వం పూర్తి ఫీజు ఇస్తుంది. ర్యాంకు అది దాటితే సాధారణంగా ఇచ్చేది 35 వేలే. ఫీజు లక్ష అయితే ఏటా 65 వేలు, నాలుగేళ్లకు 2 లక్షల 60 వేలు ఇంటివారే భరించాలి. హాస్టలు ఖర్చు వేరు. అర్హులైన ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులకు ఈ పరిమితి లేదు. యాజమాన్య కోటాలో చేరినవారికి అసలు సహాయమే ఉండదు.

పక్కనే ఉన్న నిట్‌లో పద్ధతి వేరు. జె.ఇ.ఇ. ర్యాంకుతో సీటు వస్తే, కుటుంబ వార్షికాదాయం లక్షలోపు ఉన్నవారికి ట్యూషన్ ఫీజు పూర్తిగా, అయిదు లక్షలలోపు ఉన్నవారికి మూడింట రెండువంతులు మాఫీ అవుతుంది. అందువల్ల పేరున్న కళాశాలకు ఎక్కువ ఖర్చవుతుందన్న అభిప్రాయం అన్నిచోట్లా నిజం కాదు.

మరొకటి బకాయిల బెడద. ప్రభుత్వం చెల్లించలేదంటూ 2025 నవంబరులో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు బంద్ పాటించాయి. సొమ్ము ఆలస్యమైతే చదువు ముగిశాక సర్టిఫికెట్ల కోసం తిరగవలసి వచ్చేది విద్యార్థే. కనుక ఆదాయ ధ్రువపత్రం ముందే తీసుకుని, నాలుగేళ్ల లెక్క కాగితంపై వేసుకున్న తరువాతే కళాశాలను ఎంచుకోవడం మేలు.