కొల్లేరులో చేరే నీటి నాణ్యతపై తీర్మానం

కొల్లేరు లంక గ్రామాల మత్స్యకారులు, చేపల చెరువుల రైతులు, ఎగువ వరి రైతుల ఉమ్మడి సమావేశం ఏకగ్రీవంగా ఆమోదించినది.

1. సమావేశం గమనించింది: బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, డెల్టా డ్రెయిన్లు మోసుకొచ్చేదంతా కొల్లేరులోనే చేరుతోంది. సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. గుర్రపుడెక్క, పూడిక దాన్ని మూస్తే మురికి ఇక్కడే నిలుస్తుంది. వేసవి పోటుకు ఉప్పునీరు ఎదురెక్కుతుంది.

2. సమావేశం గుర్తించింది: అయిదో కాంటూరు (ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర సరస్సు 1999లో అభయారణ్యమైంది; కొల్లేరు 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. ఇవి హద్దును కాపాడే ఏర్పాట్లు. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం ఊరి మురుగును, ఫ్యాక్టరీ వ్యర్థాలను పట్టగలదు. వేల మడుల నుంచి కొద్దికొద్దిగా జారే ఎరువు, పురుగుమందు దానికి చిక్కవు. అభయారణ్యం హద్దును కుదించాలన్న కాంటూరు తగ్గింపు వివాదం ఈ తీర్మానం పరిధిలోనిది కాదు. గీత ఎక్కడ గీసినా లోపలికొచ్చే నీరు అదే.

3. సమావేశం విచారం వ్యక్తం చేస్తోంది: చుట్టూ నీళ్ళున్నా లంకల్లో తాగునీటి టిన్ను కొనుక్కోవలసి వస్తోంది. శుద్ధి చేయని పట్టణ మురుగు ఇందుకు ఒక కారణం. చేపల పట్టుబడి అయ్యాక చెరువు అడుగున మిగిలే నల్లటి, కుళ్ళు వాసన నీటిని రాత్రికి రాత్రి ఇంజన్లు పెట్టి డ్రెయిన్‌లోకి తోడేయడం మరొకటి. ఈ రెండోది సభలో కూర్చున్నవారిలో కొందరు చేసిన పనే. దీన్ని ఇతరుల మీదికి నెట్టడానికి సమావేశం సమ్మతించదు.

4. సమావేశం ప్రభుత్వాన్ని కోరుతోంది: 1997 చట్టం సాగునీటి కాలువలపై రైతు సంఘాలకు బాధ్యత అప్పగించినట్టే, ఒక్కో డ్రెయిన్‌కు నీరు వదిలేవారందరినీ, పట్టణాలతో సహా, ఒక్క సంఘం కిందికి తెస్తూ చట్టం చేయాలి. ప్రతి డ్రెయిన్ మొగ వద్ద నెలనెలా నీటిని పరీక్షించి, ఫలితాన్ని పంచాయతీ బోర్డుపై తెలుగులో పెట్టాలి.

5. సమావేశం తీర్మానించింది: చట్టం వచ్చేదాకా ఆగకుండా, రాబోయే సార్వా నుంచే సభ్యులు ఈ కట్టుబాట్లు పాటించాలి. యూరియా చల్లిన, మందు కొట్టిన మడికి వారం దాకా మడవ తీయరాదు. డ్రెయిన్ గట్టున బారెడు వెడల్పు దున్నకుండా గడ్డికి వదలాలి. చేపలకు కోళ్ల వ్యర్థాలు మేతగా వేయరాదు. పట్టుబడి నీటిని వేరే చెరువులో నిలబెట్టి, తేరాకే వదలాలి. అందుకు చోటు లేని చిన్న రైతుల కోసం ఇరుగుపొరుగు రైతులు ఉమ్మడిగా ఒక చెరువు కేటాయించి, నష్టాన్ని ఎకరాల లెక్కన పంచుకోవాలి.

6. సమావేశం ఆదేశించింది: ప్రతులను ఏలూరు, కృష్ణా జిల్లాల కలెక్టర్లకు, కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. నీరు వదలదలచిన రైతు ముందురోజే దిగువ లంకలకు కబురు పెట్టాలి.