ఆకాశయానం: ఒక పిరికివాని వాంగ్మూలం

ఢిల్లీలో పార్లమెంటు విలేఖరిగా ఉంటూ విమానమంటే భయమని చెప్పుకోవడం, రేవులో కాపురముంటూ చేపల వాసన గిట్టదని చెప్పుకోవడం వంటిది. సమావేశాలు జరిగే రోజులలో సోమవారం ఉదయం దక్షిణాది నుండి వచ్చే విమానాలు సభ్యులతో కిటకిటలాడుతాయి. శుక్రవారం సాయంకాలం అవే విమానాలు వారిని తిరిగి నియోజకవర్గాల దారి పట్టిస్తాయి. వారి వెంట తిరగవలసిన నేను మాత్రం చాలా ఏళ్లు ఎ.పి. ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి, ఒక పగలు గడిపి హైదరాబాదు చేరేవాడిని. రాష్ట్ర విభజన తరువాత ఆ బండి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయింది. రైలులోనైతే చదువుకోవచ్చు, నలుగురితో మాట్లాడవచ్చు అని మిత్రులకు చెప్పేవాడిని. అది సాకు మాత్రమే. అసలు సంగతి భయం.

ఈ భయానికి ఒక తేదీ ఉంది: 1996 నవంబరు 12. ఆ సాయంత్రం ఢిల్లీ నుండి బయలుదేరిన సౌదీ బోయింగు 747, ఢిల్లీలో దిగడానికి వస్తున్న కజకిస్థాన్ ఇల్యూషిన్ 76, హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద ఆకాశంలో ఢీకొన్నాయి. రెండింటిలోని 349 మందిలో ఒక్కరూ మిగలలేదు. సౌదీ విమానంలో పొట్ట చేతపట్టుకుని పరాయి దేశం పోతున్న మన కూలీలు చాలామంది ఉన్నారు. మరునాడు ఉదయం వార్త కోసం నేను అక్కడికి వెళ్లాను. అప్పటికి నాకు ముప్ఫై ఏళ్లు నిండలేదు. దున్నిన పొలంలో ఒక చిన్న పెట్టె, వేసిన తాళం వేసినట్లే పడి ఉంది. పత్రికకు పంపిన కథనంలో దాన్ని గురించి రాయలేదు. కాని ఆ తరువాత తప్పనిసరై విమానమెక్కిన రెండు మూడుసార్లూ నా కళ్లముందు ఆ పెట్టే కదలాడింది.

భయం మనిషిని నవ్వులపాలు చేస్తే సహించవచ్చు, అబద్ధాలాడిస్తే మాత్రం సహించరాదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు బాలయోగి గారు కైకలూరు సమీపాన హెలికాప్టరు కూలి మరణించారు. సంపాదకులు ఫోను చేసి, దొరికిన మొదటి విమానంలో బయలుదేరమన్నారు. జ్వరంగా ఉందన్నాను. జ్వరం లేదు. సభలో ప్రతిదినమూ ఆయన స్వరం విన్న నేను, ఆయన అంతిమయాత్రను మరొక విలేఖరి రాయగా ఢిల్లీలో కూర్చుని చదువుకున్నాను. ఆనాటి సిగ్గు నేటికీ నన్ను వదలలేదు.

నా భయానికి ఢిల్లీ రాజకీయ చరిత్ర సాక్ష్యాలు చాలానే సమకూర్చింది. 1973 మే 31న పాలం సమీపాన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం కూలి కేంద్రమంత్రి మోహన్ కుమారమంగళం మరణించారు. 1980 జూన్ 23న సఫ్దర్‌జంగ్ దగ్గర సంజయ్ గాంధీ, 2001 సెప్టెంబరు 30న మైన్‌పురి వద్ద మాధవరావు సింధియా, 2009 సెప్టెంబరు 2న నల్లమల అడవిలో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు పోయారు. ఈ జాబితాను జపమాలలా తిప్పుకునేవాడిని. మొదటిది తప్ప తక్కినవన్నీ చిన్న విమానాలు, హెలికాప్టర్లు అనీ, సామాన్య ప్రయాణికుడు టికెట్టు కొని ఎక్కే పెద్ద విమానాలు కావనీ గమనించడానికి భయం నాకు తీరిక ఇవ్వలేదు.

నా కళ్లు తెరిపించినది ఒక రోడ్డు ప్రమాదం. 2014 జూన్ 3 ఉదయం, ప్రమాణ స్వీకారం చేసి పది రోజులైనా కాని కేంద్రమంత్రి గోపీనాథ్ ముండే, విమానం అందుకోవడానికి కారులో బయలుదేరి, లుట్యెన్స్ ఢిల్లీలోని ఒక కూడలి వద్ద మరొక కారు ఢీకొనడంతో మరణించారు. వార్త రాస్తూ ఒక్క వాక్యం దగ్గర నా కలం ఆగిపోయింది. ఆయన విమానాశ్రయానికి వెళ్తున్నారు. ఆకాశం ఆయనను ఏమీ చేయలేదు. అక్కడికి చేరకముందే రోడ్డు బలి తీసుకుంది.

ఆనాడు మరొక జాబితా రాసుకున్నాను. 2012 నవంబరు 2న శ్రీకాకుళం జిల్లాలో ఎర్రన్నాయుడు గారు. 2013 ఆగస్టు 15న నల్లగొండ జిల్లాలో లాల్‌జాన్ బాషా గారు. తరువాత 2018 ఆగస్టు 29న అదే నల్లగొండ జిల్లాలో హరికృష్ణ గారి పేరు కూడా చేర్చవలసివచ్చింది. ముగ్గురూ పార్లమెంటులో తెలుగువారి గొంతు వినిపించినవారు. ముగ్గురినీ తీసుకుపోయింది రోడ్డే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినట్లు ప్రభుత్వమే లెక్క చెప్పింది. అంటే దినానికి సుమారు 460 మంది. చర్ఖీ దాద్రీలో పోయినవారి కంటే ఎక్కువమంది, ప్రతి రోజూ! అయినా కారెక్కేటప్పుడు నా గుండె ఎన్నడూ దడదడలాడలేదు.

లెక్కలు బుద్ధికి నచ్చచెబుతాయి గాని గుండెకు చెప్పలేవు. ఆ పని ఢిల్లీలోని ద్వారకలో ఉండే ఒక విశ్రాంత పైలట్ చేశారు. నేలను వదిలిన కొద్దిసేపటికి ఇంజన్ల హోరు తగ్గి విమానం జారిపోతున్నట్లు అనిపించేది, పైలట్ వాటి శక్తిని కొంత తగ్గించడం వల్లనే అన్నారు. కాళ్లకింద వినిపించే ధన్‌మన్న చప్పుడు చక్రాలు లోపలికి ముడుచుకోవడం. రెక్కలు ఊగుతున్నాయంటే వంగి నిలవడానికే వాటిని అలా కట్టారని అర్థం. ఒక ఇంజన్ ఆగినా రెండవదానితో విమానం క్షేమంగా దిగగలదు. గతుకుల బాటలో బండి కుదిపినట్లే గాలిలోనూ కుదుపులుంటాయి. బెల్టు విప్పకుండా కూర్చోవడం ప్రయాణికుని వంతు. రెక్కల దగ్గరి సీటులో ఆ కుదుపు తక్కువ తెలుస్తుంది. ఇవి విన్న తరువాతే హైదరాబాదుకు టికెట్టు కొన్నాను. ఆయన చెప్పిన ప్రతి చప్పుడూ చెప్పిన వరుసలోనే వినిపించింది. పేరు తెలిసిన చప్పుడు సగం భయపెడుతుంది. రెండుంపావు గంటలలో శంషాబాదులో దిగాను.

అయితే నాకు ధైర్యమిచ్చిన అసలు సంగతి వేరే ఉంది. చర్ఖీ దాద్రీ దుర్ఘటనపై జస్టిస్ ఆర్.సి. లహోటి విచారణ జరిపారు. 15,000 అడుగుల ఎత్తున నిలవవలసిన కజక్ విమానం అంతకన్న కిందికి దిగిందని తేలింది. వచ్చే విమానాలకూ పోయే విమానాలకూ నాడు ఒకటే దారి ఉండేది. తరువాత దారులు వేరుపరచారు. ఎదురు వచ్చే విమానాన్ని పసిగట్టి హెచ్చరించే పరికరాన్ని మన గగనతలంలో తప్పనిసరి చేశారు. ఆ 349 మంది మరణం నుండి ఒక పాఠం పుట్టింది. నేను పొలంలో చూసిన పెట్టె నాకు భయాన్ని మిగిల్చింది. ఆ విచారణను చదివి ఉంటే అది ఎప్పుడో తగ్గి ఉండేదేమో.

2025 జూన్ 12న అహ్మదాబాదులో విమానం కూలి, నేలమీది వారితో కలిపి 260 మంది మరణించినప్పుడు నా భయం మళ్లీ తలెత్తింది. ఆ మరుసటి వారమే నాకు విశాఖపట్నం ప్రయాణముంది. రైలుకు పోదామా అని నా శ్రీమతి అడిగింది. టికెట్టు రద్దు చేసుకోలేదు. మునివేళ్లు చల్లబడ్డాయి, అయినా వెళ్లాను. నెలలోగా ప్రాథమిక నివేదిక వెలువడింది.

ఇక్కడే ప్రభుత్వాన్ని అడగవలసిన మాట ఒకటుంది. విమానాల భద్రతను కనిపెట్టవలసిన డైరెక్టరేట్ జనరల్‌లో మంజూరైన కొలువులలో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని 2025లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఎత్తిచూపింది. ప్రయాణికుని ధైర్యం అప్పు వంటిది. పైలట్ మీద, మెకానిక్కు మీద, తనిఖీ అధికారి మీద నమ్మకముంచి అతడు దాన్ని ముందుగానే ఇస్తాడు. తనిఖీ చేసే కుర్చీలు ఖాళీగా ఉంటే ఆ అప్పు ఎవరు తీరుస్తారు? ఎర్రన్నాయుడు గారి కుమారుడు రామ్మోహన్ నాయుడు గారు 2024 జూన్‌లో పౌర విమానయాన శాఖ చేపట్టారు. తండ్రిని రోడ్డు ప్రమాదంలో పోగొట్టుకున్న ఆయనకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. ఆకాశంలో పోయిన ప్రతి ప్రాణానికీ జరిగే విచారణలో పదోవంతైనా రోడ్డు మీద పోయే ప్రాణాలకు జరిపించాలని సభలో ఎవరైనా ఒకరు పట్టుబట్టవలసి ఉంది.

నా భయం పూర్తిగా పోయిందని చెప్పను. దానికి తగిన చోటు తెలిసింది. ఇప్పుడు కారెక్కగానే వెనుక సీటులోనూ బెల్టు పెట్టుకుంటున్నాను. డ్రైవర్లు నవ్వుతున్నారు. నవ్వనివ్వండి.