బడి పేరును, బిడ్డ చదువును

ప్రతి సంవత్సరమును జూను మాసము సమీపించునప్పటికి మన తీరగ్రామములలో రెండు చింతలు కలిసియే వచ్చుచున్నవి. ఏప్రిలు 15వ తేది మొదలు జూను 14వ తేది వరకు 61 దినములు తూర్పు సముద్రమున మరపడవలతో చేపలవేట నిషిద్ధము. బడులు తెరచుటయు సరిగా నా దినములలోనే. కావున ఉప్పాడలో మత్స్యకారుని యింట రాబడి లేని దినములే బిడ్డకు రుసుము కట్టవలసిన దినము లగుచున్నవి. నేతగాని యింటి సంగతియు నింతకంటె మేలు గాదు. జమ్‌దానీ చీర యొక్కటి మగ్గము దిగుటకు వారములు, పనితనము హెచ్చైనచో మాసములు పట్టును. బడివారు మాత్రము చీర దిగువరకు వేచియుండరు. ఇట్టివేళ కాకినాడనుండియు పిఠాపురమునుండియు పేరుగల బడుల పసుపుపచ్చని బస్సులు వీధిలోనికి వచ్చి నిలిచినప్పుడు, తన బిడ్డ యా బస్సు నెక్కవలెనని కోరని తండ్రి యెవడు? మెడలోని నాను తాకట్టు పెట్టుటకు వెనుదీయు తల్లి యెవతె?

ఆ కోరికను మేము నిందింపము. తాను చదువలేదని, తన బిడ్డయైన చదువవలెనని తపించుట మనుష్యజాతి కంతటికిని భూషణము. కాని యప్పు చేసి కొనుచున్న వస్తువు నిజముగా నా యంగడిలో నున్నదా యని యడుగుట మా విధి. పేరుపడిన ప్రాథమిక పాఠశాలలో చేరినంతమాత్రమున బాలుని పరీక్షాఫలితములు మెరుగగునా? ఈ నమ్మకము సత్యమైనచో వడ్డీ కట్టినను నష్టములేదు. అసత్యమైనచో పేదవాని కష్టార్జితము గోడలమీది రంగులకును, వీధులలోని పటములకును పోవుచున్నదన్నమాట.

ఫలితములు వెలువడిన నాటి యుదయము మన పట్టణముల కూడళ్లను చూచిన పాఠకుల కీ సంగతి విదితమే. మొదటి శ్రేణి మార్కులు తెచ్చుకొన్న పిల్లల ముఖములు నిలువెత్తు పటములలో వ్రేలాడుచుండును. వానిక్రింద బడి పేరు బిడ్డ పేరుకంటె పెద్ద యక్షరములతో నుండును. చూచువాడు "ఆ బడి యీ మార్కుల నిచ్చినది" యని తలచును. ఈ తలంపునందే పొరపాటున్నది. ఆ బడికి వచ్చునప్పటికి బిడ్డ యెట్టివాడు? వాని యింట నేమున్నది? వానితోపాటు చేరి వెనుకబడిన వారెందరు? వారి ముఖము లే కూడలిలో నున్నవి? ఈ ప్రశ్నలకు పటము బదులు చెప్పదు.

ఉప్పాడవారికి దీనిని వివరించుటకు దూరము పోనక్కరలేదు. తుపాను వెలిసిన మరునాడు తీరమున జనులు గుంపులుగా కూడి యిసుకను జల్లించి బంగారు రవ్వల నేరుకొనుట వారెరిగినదే. 2020 నవంబరులో నివర్ తుపాను పిమ్మట నీ వార్త దేశమంతట ప్రాకినది. పూర్వము సముద్రగర్భమున గలసిన యిండ్లలోను గుడులలోను ఉండిన పసిడి యిట్లు వెలువడుచున్నదని పెద్దలు చెప్పుదురు. రవ్వను జల్లెడ పట్టుకొన్నది, జల్లెడ చేయలేదు. పేరుగల బడి పెక్కుమారు లట్టి జల్లెడయే. ప్రవేశమునకు ముందే పిల్లవానిని పరీక్షించును, తల్లిదండ్రుల చదువును విచారించును, రుసుము కట్టగల స్తోమతును చూచును. ఇట్లు జల్లించి తీసికొన్న పిల్లలు మంచి మార్కులు తెచ్చుకొన్నచో నందు బడి భాగమెంత, యింటి భాగమెంత? అక్షరము లెరిగిన తల్లి, ఇంట నాలుగు పుస్తకములు, సాయంకాలము ట్యూషను, కడుపునిండ తిండి: ఇవి గల బిడ్డ యే బడిలో కూర్చున్నను కొంతవరకు ముందునకే పోవును.

ఇది కేవలము మా యూహ కాదు. ఈ రెంటిని వేరుచేసి కొలిచిన ప్రయత్నము మన యాంధ్రదేశముననే జరిగినది. 2008లో ప్రారంభమై 4 సంవత్సరములు, 5 జిల్లాలలోని 180 గ్రామములలో, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషను సాయముతో నొక పరిశోధన నడచినది. ప్రభుత్వ పాఠశాలలలోని చిన్నపిల్లల తల్లిదండ్రులలో కోరినవారి దరఖాస్తులు గైకొని చీట్లు వేసిరి. చీటి వచ్చిన బిడ్డకు ప్రైవేటు బడిలో చదువుకొనుటకు రుసుము చెల్లించిరి. రానివారు తమ దారిని తాము చదువుకొనిరి. ఈ పద్ధతిలోని యుక్తిని పాఠకులు గమనింపవలెను. కోరిక యిరుపక్షములవారికిని సమానమే. వారిని విడదీసినది చీటి తప్ప ధనము కాదు, తెలివి కాదు, తల్లి చదువు కాదు. కావున తరువాత మార్కులలో భేదము కనబడినచో నది బడివలన గలిగినదే యనవచ్చును.

కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు దీని ఫలితములను 2015లో ప్రకటించిరి. రెండేండ్లకును, నాలుగేండ్లకును పరీక్షించి చూడగా తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు, విజ్ఞాన సాంఘిక శాస్త్రములు అను వీనియందు చీటి వచ్చినవారికిని రానివారికిని భేదము కనబడలేదు. హిందీలో మాత్రము చీటి వచ్చినవారు చాల ముందుండిరి. ఏలయన ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో నప్పుడు హిందీ చెప్పుటయే లేదు. చీట్ల సంగతి విడిచి పైపైన పోల్చిచూచినచో నా ప్రైవేటు బడుల పిల్లలకే మార్కులు మిక్కిలి హెచ్చు. ఆ హెచ్చులో నధికభాగము పిల్లలు ఇంటినుండి తెచ్చుకొన్నదేకాని బడి చేర్చినది కాదని దీనివలన తేలినది.

ఇంకొక యంశమును దాచిపెట్టుట న్యాయము కాదు. ఆ ప్రైవేటు బడులలో నొక్కొక్క బిడ్డకగు వ్యయము ప్రభుత్వ పాఠశాలలోని వ్యయములో మూడవవంతుకంటె తక్కువ. అనగా స్వల్పధనముతో వారు సమానఫలము సాధించిరి. ప్రభుత్వ పాఠశాలల పక్షమువారు విని తలవంచుకొనవలసిన మాట యిది. ప్రైవేటు బడివారు విని రొమ్ము విరుచుకొనవలసిన మాటయు కాదు. వారు తలిదండ్రులకు వాగ్దానము చేసినది చౌకతనమును కాదు, మార్కులను.

"అవి పల్లెటూళ్ల చిన్నబడులు. మేము చెప్పునది పట్టణములోని మహా ప్రఖ్యాతిగల బడులను గూర్చి" యని కొంద రాక్షేపింతురు. ఆ యాక్షేపణ విచారింపదగినదే. అట్లైన నమెరికాదేశమునకు పోయి చూతము. అచ్చటి బోస్టను నగరమున 1635లో స్థాపితమైన లాటిన్ స్కూలు కలదు. న్యూయార్కున స్టైవెసెంట్ అను పాఠశాల కలదు. ప్రవేశపరీక్షలో నెగ్గినవారికే వీనిలో చోటు. ఒక్క మార్కుతో చోటు దొరకినవారిని, ఒక్క మార్కుతో చోటు తప్పినవారిని ప్రక్కప్రక్కన పెట్టి శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. వీరిరువురును తెలివియందు సమానులే గదా. పిదప నిరువురి పరీక్షాఫలితములలో చెప్పుకొనదగిన భేదము కనబడలేదని 2014లో ప్రకటించిరి. అవి ప్రాథమిక పాఠశాలలు కావు; పెద్ద తరగతుల పిల్లలవి. ఐనను మూడున్నర శతాబ్దులకు మించిన కీర్తిగల బడియే మార్కులను పుట్టింపజాలనిచో, మొన్న నిన్న వెలసి పేరు చివర "టెక్నో" యనియు "ఒలింపియాడ్" అనియు తగిలించుకొన్న బడి యయిదేండ్ల పసివానికి వానిని పంచిపెట్టునని నమ్ముటకు మనస్సొప్పదు.

ఐన పేరుగల బడివలన నేమియు ప్రయోజనము లేదా? కలదు. నలుగురిలో మాటలాడు ధైర్యము, క్రమశిక్షణ, మరి రెండు భాషల పరిచయము, ముందుముందు పనికివచ్చు స్నేహములు కొన్ని బడులలో లభించును. వీనికొరకు స్తోమతు గలవారు ధనము వ్యయపరచినచో వారి యిష్టము. మార్కుల నాశించి తాహతు మించి యప్పులపాలగు వారిని గూర్చియే మా విచారము. ఇంట తెలుగు తప్ప మరియొకటి వినని బిడ్డను మొదటినాటినుండియే యర్థముగాని భాషలో కూర్చుండబెట్టినచో వాడు వల్లించును గాని గ్రహింపడు. వల్లించినదానిని విద్యయని భ్రమించి యేటేట వేలరూప్యములు చెల్లించుట శోచనీయము.

మరి ఫలితములను నిజముగా మెరుగుపరచున దేమి? దీనికిని సమాధానము మన రాష్ట్రముననే దొరకినది. 2005 మొదలు ప్రభుత్వ గ్రామీణ ప్రాథమిక పాఠశాలలలో నీ పండితులే మరికొన్ని పరీక్షలు జరిపిరి. పిల్లల యభివృద్ధినిబట్టి యుపాధ్యాయులకు బహుమాన మిచ్చిన బడులలో రెండేండ్లలోనే లెక్కలయందును భాషయందును స్పష్టమైన వృద్ధి కనబడినది. అదనముగా నొక యుపాధ్యాయుని నియమించిన బడులలోను పిల్లలు ముందునకు సాగిరి. ప్రథమ్ సంస్థవారు 2005 నుండి యింటింటికి పోయి, బిడ్డ రెండవతరగతి పాఠమును చదువగలడా, తీసివేత చేయగలడా యని పరీక్షించుచున్నారు. తరగతి నంబరును చూడక బిడ్డకు వచ్చినచోటినుండి చెప్పుట మేలని వారి యనుభవము చాటుచున్నది. వీనిలో నేదియు బడి పేరుతో ముడిపడినది కాదు. ఉపాధ్యాయుడు వేళకు వచ్చుట, వచ్చి చెప్పుట, చెప్పినది బిడ్డకు పట్టినదా యని చూచుట: ఈ మూడును పూరిపాకలోనైనను జరుగవచ్చును, పాలరాతి మేడలోనైనను జరుగకపోవచ్చును.

గోదావరీమండలమున కీ సత్యము క్రొత్తది కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టినప్పుడు దాని కే ప్రఖ్యాతియు లేదు, ఉండినది లోకనిందయే. కాకినాడలోని పిఠాపురము రాజావారి కళాశాలకు రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి కాలమున వచ్చిన ప్రతిష్ఠ కాయన శీలమును బోధనయు కారణములు. ఆయన బీదవిద్యార్థుల నాదరించిన గురువు. వడపోసి విడిచిన గురువు కాడు. నాడు గురువువలన బడికి పేరు వచ్చెడిది. నేడు బడి పేరు వినిపించుచున్నదే కాని యందలి గురువు పేరు తలిదండ్రులకే తెలియకున్నది.

ప్రభుత్వము చేయవలసిన పనియు కొంత కలదు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రవేశమునకై బిడ్డనుగాని తలిదండ్రులనుగాని పరీక్షించుటను నిషేధించినది, విరాళమడుగుటను నిషేధించినది, ప్రైవేటు బడులలో మొదటితరగతి చోట్లలో నూటికి 25 పేదలకు కేటాయించినది. ఈ నిబంధనలు కాగితముననే మిగులకుండ చూడవలెను. 2019లో "నాడు-నేడు" పేర ప్రభుత్వ పాఠశాలలకు గోడలు, బల్లలు, నీటివసతి కల్పించు కార్యక్రమ మారంభమైనది. మంచిదే. కాని 2022లో 3, 4, 5 తరగతులను సమీపమునందలి యున్నత పాఠశాలలతో కలుపుట, మరల 2025లో నా యేర్పాటును మార్చుట చూచిన పల్లెవాసి, తన యూరి బడి రేపుండునో యుండదో యని సందేహించుట సహజము. ఆ సందేహమే వానిని పసుపుపచ్చని బస్సువైపు నడిపించుచున్నది. పలుకుబడిగల యిండ్ల పిల్లలు తరలిపోయిన కొలది యూరిబడిని గూర్చి యడుగువాడు లేకపోవును. అడుగువాడు లేనిచోట నుపాధ్యాయుని గైరుహాజరీయు నడుగబడదు.

కావున తలిదండ్రులకు మా మనవి యిది. అదే చట్టము ప్రకారము ప్రతి ప్రభుత్వ పాఠశాలకును యాజమాన్యసంఘ ముండవలెను. దానిలో నాల్గింట మూడువంతులు తలిదండ్రులే, సభ్యులలో సగము స్త్రీలే. ఆ సంఘమును సంతకములకు మాత్రమే పరిమితము చేయక యందు కూర్చుండుడు. పంతులు వచ్చెనా, మా పిల్లవాడు పాఠము చదువగలడా యని నెలకొకమారు ప్రశ్నింపుడు. ప్రైవేటు బడికే పంపదలచితిరేని, నూటికెందరు నెగ్గిరని యడుగుటతో నాగక, చేరినవారిలో వెనుకబడిన వానికి మీరేమి చేసితిరని యడుగుడు. పఠనమందిరమున నీ పత్రికను చదువు సోదరులు చదువురాని పొరుగువారి పక్షమున నీ ప్రశ్నల నడిగినచో నంతకంటె దేశసేవ లేదు.

ఉప్పాడ చీరను కొనవచ్చిన తెలివిగల యిల్లాలు అంగడి పలకను చూచి బేరమాడదు. చీరను తిరుగవేసి చూచును. మేలైన జమ్‌దానీలో పూవు లోపలను వెలుపలను నొక్కరీతినే యుండును. చీరకొరకు చూపు నంత జాగ్రత్త బిడ్డ చదువుకొరకు చూపరాదా? బడిని కూడ నట్లే తిరుగవేసి చూడుడు. వెలుపలి పూవు లోపల లేనిచో నప్పు చేయకుడు.