గిటారు చేతబట్టిన పిల్లలకు

సత్రపట్టి, రాజపాళయము ప్రాంతములలోని మన యిండ్లలో పిల్లలు గిటారు కావలెనని అడిగినచో, పెద్దలు కొందరు "ముందు శాస్త్రము నేర్వుము" అందురు. 72 మేళకర్తల పట్టిక చూచినంతనే బాలుని ఉత్సాహము చల్లారును. ఈ పద్ధతి సరికాదని మా అభిప్రాయము.

1969లో పాలకొల్లున జన్మించి 2014లో కీర్తిశేషులైన మాండొలిన్ శ్రీనివాస్ గారిని తలచుకొందము. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించుట రాదు. గురువు పాడెడివారు, శిష్యుడు విని వాయించెడివాడు.

గిటారుపైనను ఇది సాధ్యమే. శంకరాభరణము చేతికి పట్టువడిన పిదప, ఆ స్వరములనే వాయించుచు ఆధారషడ్జమును మాత్రము రిషభమునకు మార్చినచో ఖరహరప్రియ వినబడును. గాంధారమునకు తోడి, మధ్యమమునకు కల్యాణి, పంచమమునకు హరికాంభోజి, ధైవతమునకు నఠభైరవి. పాశ్చాత్యులు మోడ్‌లనునవి యిట్టివే. దీనికి పట్టిక అక్కరలేదు, చెవి చాలును.

అయితే స్వరములు దొరికినంత మాత్రమున రాగము రాదు. తీగను ప్రక్కకు లాగి గమకము పలికింపవలెను. ఆ గమకము పాట విననిదే పట్టువడదు. కావున ఇంట పాడువారుండవలెను.

త్యాగరాజస్వామి కీర్తనలలో అధికభాగము తెలుగువే. తమిళమున చదువుకొనుచు తెలుగు లిపి యెరుగని మన పిల్లలకు పెద్దలు వానిని పాడి, అర్థము చెప్పినచో రాగముతోపాటు భాషయు నిలుచును. శాస్త్రమును మేము కాదనుట లేదు; అది పిదప రావచ్చును. పాడెడి పెద్దలు మాత్రము ఎల్లకాలము ఉండరు.