శాక్సోఫోనుకు ఒక తరగతి గది

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు గల రహదారిపై పెళ్ళి బరాతులు సాగేటప్పుడు, ట్రంపెట్, క్లారినెట్‌ల నడుమ అప్పుడప్పుడు మెడ వంచిన ఇత్తడి వాద్యమొకటి మెరుస్తుంది. అదే శాక్సోఫోను. ఊరేగింపునకు, సినిమా పాటకు తప్ప అది మరెందుకూ కొరగాదని మనలో పలువురి తలంపు. ఈ అభిప్రాయంతో మేము ఏకీభవించలేము.

బెల్జియం దేశీయుడైన అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో దీనికి పేటెంటు పొందాడు. ఒడలు ఇత్తడిదైనను, రీడు అనే పలుచని రెల్లుబద్ద కంపించి నాదం పుట్టిస్తుంది గనుక దీనిని క్లారినెట్ వర్గంలోనే చేర్చారు. పారిస్ సంగీత విద్యాలయంలో 1857 నుండి సాక్స్ స్వయంగా సైనిక వాద్యకారులకు బోధించాడు. 1870 యుద్ధంతో ఆ తరగతి మూతపడింది. మార్సెల్ మ్యూల్ ఆచార్యుడుగా అది మరల తెరుచుకొన్నది 1942లో! ఈ 72 ఏళ్ళలో అమెరికా జాజ్ వాద్యకారులు దానిని అందలమెక్కించారు. గ్లాజునోవ్ 1934లో దానికొక కచేరీ రచన చేశాడు. లోపించినది వాద్యగుణం కాదు, గురుపీఠం.

మన దేశానికి వద్దాం. కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) దక్షిణ కన్నడ జిల్లాలో నాదస్వర విద్వాంసుని కుమారుడు. మైసూరు రాజభవన బ్యాండులో శాక్సోఫోను విని మోహితుడైనాడు. కర్ణాటక సంగీతానికి గమకం ప్రాణం. నాదస్వరంలో రంధ్రాన్ని వేలితో సగం మూసి స్వరాన్ని జార్చవచ్చు. శాక్సోఫోనులో రంధ్రాన్ని మూసేది వేలు కాదు, మీట కింది చిన్న దిండు. ఆ చిక్కును ఆయన ఊపిరితో, పెదవి పట్టుతో, వాద్యంలో చేసికొన్న మార్పులతో జయించాడు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో కచేరీ చేశాడు. 2004లో పద్మశ్రీ అందుకొన్నాడు. త్యాగరాజు తెలుగు మాటలు ఆ ఇత్తడి గొంతులో పలికాయి. మరి తెలుగు పిల్లలకు ఆ విద్య ఎక్కడ? (షహనాయిని పెళ్ళి వాకిటి నుండి కచేరీ వేదికకు చేర్చిన బిస్మిల్లా ఖాన్ గారిని మన ఉర్దూ విద్యార్థులకు వేరుగా గుర్తుచేయనక్కరలేదు.)

దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటరుకు, బ్యాంకు పరీక్షలకు, ఉద్యోగ పరీక్షలకు శిక్షణ బోర్డులు గోడలు కనబడనీయవు. శాక్సోఫోను నేర్పుతామన్న బోర్డు ఆ బారులో మా కంటబడలేదు. బ్యాండు మేళాలలో నిజమైన విద్వత్తు గలవారున్నారు. సీజను ముగిస్తే వారికి పని తక్కువ. ఉపాధ్యాయులను దూరాన వెదకనేల?

కళాశాల సంఘం వారికి మా విన్నపం చిన్నదే: ఒక గది, రెండు ఆల్టో శాక్సోఫోనులు, వారానికి రెండు సాయంకాలాలు. వాయించే పద్ధతి మేళం పెద్దలు నేర్పుతారు. సరళీ స్వరాలకు ఒక సంగీతోపాధ్యాయుని సాయం చాలు. ధ్వని బిగ్గరగా ఉంటుందన్న ఆక్షేపణ సహేతుకమే. కనుక తరగతులన్నీ ముగిసిన పిమ్మటనే సాధన జరగాలి. రీడ్లు తరచు మార్చవలసి వస్తుంది. ఆ వ్యయం నేర్చుకొనే విద్యార్థులే చందా వేసికొని భరించగలరు.