జబ్బు అడుగు బురదలో ఉంది

భారీ వాన పడితే చాలు, హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి ధరణినగర్‌ వీధుల్లోకి పరికి చెరువు నాలా నురగ ఎగదన్నుకొస్తుంది. బెంగళూరు బెళ్లందూరు చెరువు నురగ రోడ్డెక్కి వాహనదారుల ముఖాన కొట్టింది. 2015లో ఆ నురగకు నిప్పే అంటుకుంది. ప్రతిసారీ యంత్రాంగం చేసేది ఒక్కటే: నీళ్లు చిమ్మడం, నురగ అణిచే మందు చల్లడం, వాన వెలిశాక మరచిపోవడం. ఈ తంతు ఇక చాలించాలి.

వానకు మురుగు పలచబడి నురగ తగ్గాలి కదా, ఎందుకు పెరుగుతోంది? బెళ్లందూరును పరిశీలించిన భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు దీనికి జవాబు చెప్పారు. సబ్బుపొడి, అంట్లు తోమే ద్రవం, షాంపూల్లో నురగ పుట్టించేవి సర్ఫక్టెంట్లు. వాటి అణువులో ఒక కొసకు నీరంటే ఇష్టం. రెండో కొస నీటికి ఎడంగా జిడ్డునో, సేంద్రియ పదార్థాన్నో పట్టుకుంటుంది. అలా మురుగులోని మడ్డికి, కుళ్లిన ఆకులలములకు అంటుకుని అడుగుకు దిగుతాయి. ప్రాణవాయువు అందే నీటిలో బ్యాక్టీరియా వీటిని చాలావరకు విరగ్గొట్టేస్తుంది. గాలి సోకని బురదలో ఆ పని సాగదు, సరుకు పేరుకుపోతుంది. వరద వచ్చి బురదను కలియబెట్టగానే అవి విడివడి మళ్లీ నీటిలో కలుస్తాయి. అలుగు దూకే నీరు గాలిని కలుపుకొంటుంది. సన్నని రేణువులు, బ్యాక్టీరియా బుడగలు పగలకుండా గట్టిపరుస్తాయి.

సేంద్రియ పదార్థం వీటిని పట్టి ఉంచితే జలచరాలకు మేలే కదా అనేవారున్నారు. అందులో కొంత నిజముంది. క్రిమినాశకాల్లో వాడే ధనావేశ సర్ఫక్టెంట్లను కుళ్లిన సేంద్రియ పదార్థంలోని రుణావేశమున్న హ్యూమిక్‌ పదార్థాలు గట్టిగానే బంధిస్తాయి, విషప్రభావం తగ్గుతుంది. అయితే చెరువుకు దొరికింది వాయిదాయే, మాఫీ కాదు. వరదతో బాకీ మొత్తం ఒకేసారి మీదపడుతుంది.

తాగునీటిలో ఆనయానిక్‌ (రుణావేశ) డిటర్జెంట్లు లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటరాదని ఐఎస్‌ 10500 ప్రమాణం చెబుతోంది. మరో నీటి వనరు లేనిచోట 1 మిల్లీగ్రాము దాకా సడలింపు. చెరువు విషయంలో ఎండరోజున పైనీటిని సీసాలో పట్టి చూస్తే అసలు సంగతి తెలియదు. అడుగు బురదనూ పరీక్షించాలి, ఫలితాలు జనం ముందుంచాలి.

జాప్యానికి మూల్యం తక్కువేమీ కాదు. బెళ్లందూరు తదితర చెరువుల బాగుకు రూ.500 కోట్లు ప్రత్యేక ఖాతాలో జమ చేయాలని 2018 డిసెంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్‌ కర్ణాటక ప్రభుత్వాన్ని ఆదేశించింది. హైదరాబాద్‌ అంతదాకా తెచ్చుకోవద్దు. గాలి పట్టించి శుద్ధి చేయని మురుగును చెరువులోకి వదలొద్దు. పూడిక ఎండాకాలంలోనే తీయాలి. తీసింది గట్టు మీద పోస్తే తొలివానకే మళ్లీ చెరువులో పడుతుంది. వాకింగ్‌ ట్రాకులు, రంగుల దీపాలు ఆ తర్వాతే. మురుగుశుద్ధికీ, పూడికతీతకూ గడువు తేదీలు ప్రకటించని ప్రభుత్వానికి చెరువుల సుందరీకరణ గురించి మాట్లాడే అర్హత లేదు.