జ్ఞా చదివితే ఐఫోన్ ఎందుకు పడిపోయింది?

మీ ఫోన్‌లో ‘వినుకొండ’ అని టైప్ చేయండి. మనకి నాలుగు అక్షరాలే. ఫోన్‌కి మాత్రం ఎనిమిది కోడ్‌లు: వ, గుడి, న, కొమ్ము, క, ఒత్వం, సున్న, డ. వీటిని చదవగలిగేలా పేర్చిపెట్టడానికి ఒక సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఉంటుంది. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో అది హార్ఫ్‌బజ్. ఐఫోన్‌లో కోర్‌టెక్స్ట్.

వినుకొండ ఈజీయే, ఒత్తుల్లేవు. ఆ ప్రాంతంలోనే పుట్టిన గుర్రం జాషువా పేరు దగ్గరికొస్తే ‘ర’కి ఒత్తు పడాలి. పని అక్కడ మొదలవుతుంది.

2018 ఫిబ్రవరి గుర్తుందా? ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లకి ‘జ్ఞా’ అని మెసేజ్ వస్తే యాప్ క్రాష్! ‘తెలుగక్షరం ఐఫోన్‌ని చంపింది’ అని లోకమంతా ఒకటే గోల. ఫిబ్రవరి 19న 11.2.6 ఇచ్చి యాపిల్ సరిచేసింది.

పాపం, మన జ్ఞా తప్పేం లేదు. విజ్ఞానం, జ్ఞాపకం మామూలుగా రాస్తే ఏమీ కాదు. ఒత్తుకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని ఒక గుర్తు దూరితేనే క్రాష్. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘ఫోన్‌లో’ అన్నప్పుడు ‘న’ కింద ‘ల’ ఒత్తు పడకుండా ఆపుతున్నది అదే. బెంగాలీ, దేవనాగరిలోనూ ఇలాంటి కలయికలు ఫోన్లని పడగొట్టాయి. పేరు మాత్రం మనకే వచ్చింది!

చేత్తో టైప్ చేసి చూసే మనిషికి ఇది దొరుకుతుందా? కష్టం. అందుకే ఆటోమేటెడ్ టెస్టులు. హార్ఫ్‌బజ్ వాళ్లు ఒక దశలో దాదాపు 9.7 లక్షల తెలుగు టెస్టులు నడిపి, వచ్చిన ఫలితాన్ని మైక్రోసాఫ్ట్ యూనిస్క్రైబ్‌తో పోల్చి చూసుకున్నారు. అయితే అవి జనం రాసే మాటలు. ఎవరూ రాయని పిచ్చి కలయికల కోసం ఫజింగ్ ఉంది: మెషీనే అడ్డదిడ్డం కోడ్‌లు పుట్టించి లైబ్రరీ మీదకి విసురుతూ ఉంటుంది.

వాళ్లదే ఇంకో అలవాటు నాకు మరీ నచ్చింది. టెస్టుకి కావాల్సిన ఫాంట్‌ని కోడ్‌తోపాటే దాచిపెడతారు. లేకపోతే మీ ల్యాప్‌టాప్‌లో పాస్, ఫ్రెండ్ దాంట్లో ఫెయిల్. అలాంటి టెస్టు లేకపోయినా పర్లేదంటాను. రెండుసార్లు ఊరికే ఫెయిలైతే మూడోసారి ‘మళ్లీ రన్ కొట్టరా’ అంటాం, నిజమైన బగ్ సరిగ్గా అప్పుడే దాటిపోతుంది.

కోడింగ్ నేర్చుకుంటూ తెలుగు తాకే లైబ్రరీ ఏదైనా రాస్తున్నారా? మొదటి టెస్టులో ‘వినుకొండ’ పెట్టండి. రెండోదాంట్లో జ్ఞ, ఆ కనపడని గుర్తు, దీర్ఘం.